పది మార్కుల ఇల్లాలు

నేను ఎం.ఏ. ప్యాసయ్యానన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదని కాదు. పెళ్ళిచూపుల నాడు అందరికీ తెలుసు. శుభలేఖలో నా పేరు పక్కన వేయించారు కాబట్టి పెళ్ళినాడు ఊరందరికీ తెలుసు. ఆ తర్వాతే ఒక్కొక్కరూ మెల్లిగా మర్చిపోయారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందరికన్నా ముందు మర్చిపోయింది నేనే. పాలవాడి లెక్కకీ, గ్యాసు బండకీ, పిల్లకి గోరుముద్దలు తినిపించడానికీ ఎం.ఏ. ఇంగ్లీషు ఎక్కడ అవసరం పడింది, మీరే చెప్పండి? షేక్‌స్పియర్ వచ్చి మా పప్పుకి తిరగమోత పెట్టడు కదా!

అలాంటి నా ఎం.ఏ.కి 2018 వేసవిలో ఖరీదు కట్టే రోజొచ్చింది.

మావారికి అప్పుడు కెనడా గాలి సోకింది. ఆఫీసులో ఇద్దరు స్నేహితులు వెళ్ళారు. మూడోవాడు వెళ్ళబోతున్నాడు. నాలుగోవాడు మావారు కావాలిగా మరి! ఆదివారం పూట నన్ను కూడా అమీర్‌పేటలో ఒక కన్సల్టెంటు దగ్గరికి తీసుకెళ్ళారు. గోడల నిండా మంచుకొండల బొమ్మలు, గది నిండా ఏసీ చలి. అక్కడికి వెళ్ళాక ఎలా ఉంటుందో ముందే అలవాటు చేస్తున్నారేమో అనుకున్నాను.

ఆ అబ్బాయి వివరంగానే చెప్పాడు. కెనడా ప్రభుత్వం 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి పెట్టిందిట. పేరు చూసి నేను రైలుబండి అనుకున్నాను గానీ, అది అచ్చంగా పరీక్ష. మొత్తం 1200 మార్కులు. వయసుకిన్ని, చదువుకిన్ని, భాషకిన్ని, ఉద్యోగానుభవానికిన్ని. అప్పుడప్పుడూ వాళ్ళొక గీత గీస్తారు. గీతకి పైనున్న వాళ్ళకి పిలుపు, కిందున్న వాళ్ళకి ఎదురుచూపు. ఆ ఏడాది ఆ గీత చాలాసార్లు 440కి కాస్త అటూ ఇటూగా ఉండేది.

"సార్‌కి ఎం.టెక్. ఉంది, ఇంగ్లీషు స్కోరు బాగుంది, అనుభవం మూడేళ్ళ పైమాటే. వయసు ముప్పయ్యయిదు. సార్ సింగిల్ అయితే 436 వచ్చేవి" అన్నాడా అబ్బాయి.

"సింగిల్ కాదుగా" అన్నాను నేను, పక్కన కూర్చున్నదాన్ని పక్కనే ఉన్నానని గుర్తుచేస్తూ.

"అదే మేడమ్ ప్రాబ్లం" అన్నాడు పాపం, కల్మషం లేకుండా.

ఇక్కడొక తమాషా ఉంది, వినండి. పెళ్ళికాని మనిషికి వయసు, చదువు, భాష, అక్కడి ఉద్యోగం, వీటన్నిటి మీద గరిష్ఠంగా 500 మార్కులు వస్తాయి. భార్యని వెంట తీసుకెళ్ళేవాడికి అవే వాటి మీద 460 దాటవు. మిగతా నలభై భార్య సంపాదించి తేవాలి. ఆమె చదువుకి పది, ఆమె భాషకి ఇరవై, ఆమె కెనడాలో ఇదివరకే ఉద్యోగం చేసి ఉంటే ఇంకో పది. భర్తని వెంట తీసుకెళ్ళే భార్యకైనా ఇదే లెక్క. కానీ మా గదిలో ఆ పూట దరఖాస్తుదారు మావారు, వెంట వెళ్ళేది నేను.

లెక్క కట్టి చూస్తే, నన్ను ఉత్త చేతులతో తీసుకెళ్తే మావారికి 412. అంటే నేను పక్కన నిలబడినందుకు ఇరవై నాలుగు మార్కులు గోవిందా. అదే నేను నా చదువూ, నా ఇంగ్లీషూ పట్టుకుని వస్తే ముప్పై మార్కులు కలిసి 442.

2009లో మా పెళ్ళికి మా మావగారు కట్నం వద్దన్నారు. ఆ మాట మా నాన్నగారు పదిమందిలో గొప్పగా చెప్పుకునేవారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ లెక్క ఒట్టావాలో తేలుతుందని ఆయనకేం తెలుసు!

అసలు మాట ఆ తర్వాత వచ్చింది. "లేదంటే ఇంకో దారి ఉంది సార్. ఫారంలో మేడమ్ వెంట రావడం లేదని చూపిద్దాం. మీరు ముందు వెళ్ళండి. ఇవాళ కాకపోతే రేపు గీత దిగుతుంది, 436కి పిలుపొచ్చేస్తుంది. మేడమ్‌నీ పాపనీ తర్వాత పిలిపించుకోవచ్చు" అన్నాడా అబ్బాయి.

మావారు కాదనలేదు. అవుననీ అనలేదు. ఊరికే తల పంకించారు. ఆటోలో ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. మర్నాడు పొద్దున పాలబిల్లు వెనక ఆయన చేతిరాత కనిపించింది. 436, 412, 442. మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి. 436 చుట్టూ పెన్సిలుతో ఒక సున్నా.

ఆ సున్నా నాకెక్కడ గుచ్చుకుందో చెప్పలేను. ఆయన చెడ్డవారు కాదు. అంకెలు అలా ఉన్నాయి, అంతే. కానీ నా అంకె నేను తెచ్చుకుని తీరాలని ఆ పూట స్టౌ దగ్గర నిలబడి నిశ్చయించుకున్నాను. గడువు కూడా ఉంది. నవంబరులో మావారికి ముప్పయ్యారు నిండుతాయి. ముప్పయ్యో ఏడు వస్తే చాలు, అప్పటినుంచి ఏటా వయసు మార్కులు కోసేస్తారు. ఆ పుట్టినరోజుకి ఐదు పోతాయి. 442 కాస్తా 437 అవుతుంది. పాయసం వండి మరీ మార్కులు పోగొట్టుకోవడం మా ఇంట్లోనే జరగాలి!

ఇంగ్లీషు పరీక్ష సంగతి రెండు మాటల్లో చెప్తాను. భాష మీద ఇరవైకి ఇరవై రావాలంటే ఐ.ఈ.ఎల్.టి.ఎస్.లో వినడంలో ఎనిమిది, చదవడం, రాయడం, మాట్లాడటంలో ఏడేసి రావాలి. పన్నెండేళ్ళ తర్వాత పరీక్ష హాల్లో కూర్చుంటే చెయ్యి వణికింది. కానీ వినడంలో నాకు ఎనిమిదిన్నర వచ్చింది. ఆశ్చర్యమేముంది? అత్తవారింట్లో తొమ్మిదేళ్ళు చేసిన పని అదేగా!

ఇక చదువు. ఎం.ఏ. చదివానని నేను చెబితే చాలదు. సర్టిఫికెట్టు చూపించినా చాలదు. బయటి దేశంలో చదివిన చదువు కెనడా చదువులో ఏ మెట్టుతో సరితూగుతుందో తేల్చి చెప్పే కాగితం ఒకటుండాలి. దాన్ని ఎడ్యుకేషనల్ క్రెడెన్షియల్ అసెస్‌మెంట్ అంటారు, పొట్టిగా ఇ.సి.ఏ. అది ఇవ్వడానికి కెనడా ప్రభుత్వం కొన్ని సంస్థలని గుర్తించింది. డాక్టర్లకీ, ఫార్మసిస్టులకీ వేరే సంస్థలున్నాయి. నాలాంటి మామూలు ఎం.ఏ.లు మిగతావాటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. సాధారణంగా అన్నిటికన్నా పై చదువు ఒక్కటి చూపిస్తే సరిపోతుంది. చేతికొచ్చిన కాగితం ఐదేళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత మళ్ళీ తూకం వేయించుకోవాల్సిందే. మన చదువుకి కూడా మందుసీసా మీద వేసినట్టు గడువు తేదీ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మేమెంచుకున్న సంస్థ అడిగినవి చూస్తే రెండే. డిగ్రీ పట్టా నకలు ఒకటి. నా మార్కుల జాబితాలు యూనివర్సిటీవాళ్ళే ధ్రువీకరించి, వాళ్ళ కవర్లో పెట్టి, అంటించి, అంటించిన చోట ముద్ర వేసి పంపడం రెండోది. నేను విప్పిన కవరు చెల్లదు. చెప్పుకోవడానికి రెండు ముక్కలే. కానీ మనదేశంలో ఆ రెండు ముక్కల మధ్య ఎన్ని మెట్లు, ఎన్ని కిటికీలు, ఎన్ని భోజన విరామాలు ఉంటాయో కెనడా వాళ్ళకి తెలియదు.

మొదటి మెట్టు మా పుట్టిల్లు. నా సర్టిఫికెట్లన్నీ అక్కడే ఉండిపోయాయి. నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు చీరలు, వెండిగిన్నెలు, ఇత్తడి బిందె, సున్నుండల డబ్బా, అన్నీ లెక్కపెట్టి పంపారు. సారెలో సర్టిఫికెట్లు ఎవరు పెడతారు? నేనూ అడగలేదు. మా అమ్మ ట్రంకుపెట్టెలో, దుప్పట్ల అడుగున, వేపాకూ కలరా ఉండల మధ్య ఆ ఫైలు భద్రంగా పడుకుని ఉంది.

ఫైలు అట్ట లోపలివైపు నాన్నగారి చేతిరాత. ఆయన హైస్కూలు మాస్టారు. ఏది చేసినా జాబితా రాసి చేసేవారు. "పదో తరగతి - ఉన్నది. ఇంటర్ - ఉన్నది. బి.ఏ. - ఉన్నది. ఎం.ఏ. మార్కులు - ఉన్నవి. ఎం.ఏ. ప్రొవిజనల్ - ఉన్నది. ఎం.ఏ. ఒరిజినల్ డిగ్రీ - తీసుకోవాలి."

తీసుకోవాలి అని రాసిన మనిషి 2013లో పోయారు. తీసుకోవాల్సిన మనిషిని నేను, తీసుకోలేదు. 2006లో ప్యాసయ్యాను. మా ఊరి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. అక్కడ ప్రొవిజనల్‌తో పని జరిగిపోయింది. తర్వాత సంబంధాలు, పెళ్ళి, కాపురం. ఒరిజినల్ కోసం యూనివర్సిటీకి వెళ్ళొచ్చే తీరిక ఎవరికుంది? నన్ను ఎం.ఏ.లో చేర్పించేటప్పుడు మా పెదనాన్నగారు, "ఎం.ఏ. చదివిన పిల్లకి ఎం.ఏ. చదివిన మొగుణ్ణి వెతకాలి, రెట్టింపు ఖర్చురా" అన్నారుట. నాన్నగారు, "ఆ ఖర్చేదో నేను పడతాలే అన్నయ్యా" అని ఊరుకున్నారుట. అమ్మ ఈ మాట చెబుతుంటే ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

రెండో మెట్టు నా పేరు. మగవాళ్ళకి ఈ బాధ తెలియదు. పుట్టినప్పటి పేరుతోనే పోతారు. నా పదో తరగతి సర్టిఫికెట్టు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. ఎం.ఏ. మార్కుల జాబితాలో నాన్నగారి ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌పోర్టులో మావారి ఇంటిపేరు ఉంది. చూసేవాళ్ళకి ముగ్గురు ఆడవాళ్ళు. ఒకతె పదో తరగతి ప్యాసయింది, ఇంకొకతె ఎం.ఏ. చదివింది, మూడో ఆవిడ కెనడా వెళ్తానంటోంది. ఈ ముగ్గురూ ఒకతేనని రుజువు చేయాలి. దానికి పెళ్ళి సర్టిఫికెట్టు కావాలి. మేము పెళ్ళి రిజిస్టరు చేయించుకోనే లేదు.

తొమ్మిదేళ్ళ తర్వాత శుభలేఖ వెతికి, జీలకర్రా బెల్లం ఫొటో ఆల్బంలోంచి ఊడదీసి, సాక్షులని వెంటేసుకుని సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. మా పాప రెండోక్లాసు పుస్తకం పట్టుకుని మా మధ్య నిలబడింది. బల్ల దగ్గర గుమాస్తా పాపనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి లెండి" అని నవ్వాడు. ఆ మీదట నోటరీ దగ్గర, ఫలానా పేరుగల మనిషీ, ఫలానా పేరుగల మనిషీ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశాను. నేను నేనేనని ప్రమాణం చేయడానికి ఇద్దరు సాక్షులు, ఒక గుండ్రటి ముద్ర. ముద్ర పడ్డాక నాక్కూడా నమ్మకం కుదిరింది.

మూడో మెట్టు యూనివర్సిటీ. రాత్రి బండికి వెళ్ళి పొద్దున దిగాను. మావారు సెలవు పెడతానన్నారు గానీ, వద్దన్నాను. పరీక్షలు నేను రాసినవి. కిటికీలన్నీ నేనే తిరుగుతాననుకున్నాను.

తిరిగాను. ఒక కిటికీలో ఫారం. ఇంకో కిటికీలో "రెగ్యులరా, ప్రైవేటా?" అన్న ప్రశ్న. బ్యాంకులో చలానా. చలానా పట్టుకొస్తే భోజనం వేళ. భోజనమయ్యాక 2006 రిజిస్టర్లు వేరే బిల్డింగులో ఉన్నాయన్న కబురు. అక్కడికి వెళ్తే, సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడన్న ఇంకో కబురు. మెట్లమీద కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ, పాపం ఆ కెనడా వాళ్ళు నా చదువుని తూచడం దేనికి, ఈ మార్కులు తెచ్చుకునే ఓపికని తూచితే పన్నెండు వందలకి పన్నెండు వందలూ వస్తాయి కదా అనుకున్నాను.

మర్నాడు ఒక పెద్దావిడ దొరికారు. పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ముక్కుమీదికి జారిన కళ్ళజోడు, చేతికి రెండు జతల మట్టిగాజులు. నా కాగితాలు తిరగేసి, "ఒరిజినల్ తీసుకోలేదేం అమ్మాయ్?" అన్నారు.

"పెళ్ళయిపోయిందండీ" అన్నాను.

"నువ్వూ అదే మాట చెప్పావా!" అని లేచి, వెనక గదిలోకి రమ్మని సైగ చేశారు.

అక్కడొక ఇనప బీరువా ఉంది. తలుపు తీస్తే అరలనిండా కట్టలు. ఏడాదివారీగా పురికొసతో కట్టి, పైన చీటీలు అంటించి ఉన్నాయి. 2006 చీటీ ఉన్న కట్ట తీసి బల్లమీద పెట్టి, దుమ్ము దులిపి విప్పారు. "ఇవన్నీ ఎవరూ వచ్చి తీసుకోనివి. మగపిల్లలవీ ఉంటాయనుకో, ఉద్యోగం దగ్గర అడుగుతారని వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పరిగెత్తుకొస్తారు. మిగిలేవి ఎక్కువగా మన ఆడపిల్లలవే. ఫస్టు క్లాసులు కూడా ఉన్నాయమ్మా ఇందులో" అన్నారు.

ఒక్కొక్కటే తిప్పుతుంటే పేర్లు కనిపిస్తున్నాయి. అవన్నీ పుట్టింటి పేర్లు. వాళ్ళలో ఎంతమంది ఇప్పుడా పేరుతో పిలిస్తే పలుకుతారో! నా పేరుకి నాలుగు కాగితాల ముందు నా హాస్టల్ రూమ్మేటు పేరు వచ్చింది. మా క్లాసులో ఫస్టు వచ్చిన పిల్ల. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నాకు నిద్రాభంగం కాకుండా వరండాలో దీపం కింద కూర్చుని చదివేది. ఆమె పట్టా పన్నెండేళ్ళుగా బీరువాలో ఉంది. ఆమె ఏలూరులో ఉంది.

"ఇదీ నాకిచ్చేయండి, నేను చేరుస్తాను" అన్నాను ఆత్రంగా.

"అలా ఇవ్వకూడదమ్మాయ్. ఆ పిల్ల రాసిచ్చిన ఉత్తరం ఉండాలి. రమ్మని చెప్పు" అని, నా పట్టా మాత్రం బయటికి తీసి రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నారు. దళసరి కాగితం, పైన యూనివర్సిటీ ముద్ర, మధ్యలో నా పేరు. నాన్నగారి ఇంటిపేరుతో సహా. పన్నెండేళ్ళ తర్వాత దాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. మడత పడుతుందేమోనని పవిటకొంగు కింద పెట్టుకుని నడిచాను.

మార్కుల కవరు ఆ సాయంత్రం చేతికొచ్చింది. అంటించిన చోటల్లా సంతకం, సంతకం మీద ముద్ర, పైన నా నంబరు. "విప్పావా, మళ్ళీ ఇక్కడికే రావాలి" అని బెదిరించి మరీ ఇచ్చారు. పాలు పొంగనివ్వకుండా చూసుకున్నంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చాను. లోపల సరైన మార్కులే పెట్టారో లేదో చూడాలని మావారికి, విప్పనివ్వకూడదని నాకు. ఈ గొడవలో ఉండగానే మా అత్తయ్యగారు ఆ కవరు తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టి, నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టేశారు.

"అయ్యో అత్తయ్యగారూ! అది విదేశం వెళ్ళే కవరు" అన్నాను, ఏడుపు గొంతుతో.

"అయితే ఏం? వెంకటేశ్వరస్వామి విదేశాలకి వెళ్ళలేదా?" అన్నారావిడ.

పసుపు బొట్లతోనే కవరు కొరియర్లో వెళ్ళింది. అవతలివాళ్ళు ఆ బొట్లని కూడా యూనివర్సిటీ ముద్రలనుకున్నారో ఏమో, ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కొన్ని వారాలకి ఫలితం వచ్చింది. నేను రెండేళ్ళు చదివినదానికి, రెండు నెలలు తిరిగినదానికి, అందులో నాక్కావలసింది ఒకే ఒక్క వాక్యం. నా చదువు కెనడాలో మాస్టర్స్ డిగ్రీకి సమానం. పది మార్కులు.

మావారు లెక్క మళ్ళీ కట్టారు. 442. అక్టోబరు మధ్యలో గీత 440 దగ్గర పడింది. పిలుపొచ్చింది, ఆయన పుట్టినరోజు ఇంకా దాటకుండానే. ఆ సాయంత్రం మా అత్తయ్యగారికి ఆయన అంకెలన్నీ విడమరిచి చెప్పారు. ఆవిడ అంతా విని, ఊతకర్ర పక్కన పెట్టి, నా వంక చూసి, "అంటే మా వాణ్ణి నువ్వు తీసుకెళ్తున్నావన్నమాట" అన్నారు. తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. మెచ్చుకున్నట్టు ఆవిడకి తెలియదు, అది వేరే సంగతి.

రాత్రి పాప నిద్రపోయాక మావారే కదిపారు. "ఆ పాలబిల్లు నువ్వు చూశావు కదూ?" అన్నారు.

"చూశాను."

"ఒక్కరోజు అనిపించింది, నిజమే. ముందు నేను వెళ్తే సులువేమోనని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు" అన్నారు. నేనేం మాట్లాడలేదు. సున్నా చుట్టినాయన నిద్రపోలేదని తెలియడం కూడా ఒక మార్కే. దాన్ని నేను ఎక్కడో వేసుకున్నాను.

మేము 2019లో ఒంటారియో వచ్చాం. ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ చెప్పాల్సింది ఇంకా కొంచెం ఉంది. నా ఎం.ఏ. మాస్టర్స్‌తో సమానమని కాగితం ఇచ్చారే గానీ, ఆ కాగితం చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పాలంటే ఉపాధ్యాయ శిక్షణ ఉండాలి, రాష్ట్రపు లైసెన్సు ఉండాలి. వలసకి వేసే తూకం వేరు, కొలువుకి వేసే తూకం వేరు. ఈ ముక్క బయల్దేరే ముందు మాకు ఎవరూ నొక్కి చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇక్కడికొచ్చాక నా మొదటి ఉద్యోగం ఒక స్కూల్లో మధ్యాహ్నం పూట పిల్లలు అన్నాలు తింటుంటే చూసుకోవడం. డబ్బాల మూతలు తీసి పెట్టడం, ఒలకబోసింది తుడవడం. ఎం.ఏ. ఇంగ్లీషు అక్కడా అవసరం పడలేదు. మళ్ళీ మొదటికే వచ్చానని ఆ చలికాలంలో చాలాసార్లు అనుకున్నాను.

కొన్నాళ్ళకి స్కూల్లోనే ఒకావిడ, వలస వచ్చిన పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే కోర్సు గురించి చెప్పింది. చేరాలంటే కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ ఉండాలి, బయటి దేశం డిగ్రీ అయితే తూకం వేయించిన కాగితం చూపాలి. నాకు నవ్వొచ్చింది. ఆ కాగితం నా దగ్గర ఉంది! పసుపు బొట్లు పెట్టుకుని సముద్రం దాటి తెచ్చుకున్న కాగితం. ఐదేళ్ళ గడువు ఇంకా తీరలేదు. తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను. ఈసారి అది మావారి మొత్తంలో కలిసే పది మార్కులు కాదు. నా పేరు మీద, నా కోసం చూశారు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు పాఠం చెప్తున్నాను. నా క్లాసులో సిరియా ఆవిడ ఉంది, పంజాబు నుంచి వచ్చిన అమ్మమ్మ ఉంది. వాళ్ళ ఊళ్ళో లెక్కల టీచరుగా చేసి ఇక్కడ దుకాణంలో నిలబడుతున్న ఇంకొకామె ఉంది. మీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయని మొదటి వారంలోనే అడుగుతాను. అమ్మ దగ్గర, అన్నయ్య దగ్గర, యుద్ధంలో పోయాయి, అసలు తీసుకోనే లేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో జవాబు. ఇనప బీరువా మా ఊళ్ళోనే ఉందనుకున్నాను. అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది.

అన్నట్టు, నా రూమ్మేటుకి ఆ రోజు యూనివర్సిటీ మెట్లమీద నుంచే ఫోను చేశాను. "ఇప్పుడు అదెందుకే నాకు, ఏం చేసుకోను?" అంది. ఏటా సంక్రాంతికి ఫోను చేసినప్పుడల్లా అడుగుతూనే వచ్చాను. పోయిన ఏడాది, వాళ్ళ అమ్మాయిని ఇంజనీరింగులో చేర్చి వస్తూ దారిలో దిగి తెచ్చుకుందిట. కెనడాకీ కాదు, ఉద్యోగానికీ కాదు. "ఊరికే, నాది కదా అని తెచ్చుకున్నానే" అంది.

మా నాన్నగారి ఫైలు ఇప్పుడు నా దగ్గరే ఉంది. అట్టమీద "ఎం.ఏ. ఒరిజినల్ డిగ్రీ - తీసుకోవాలి" అన్న చోట, ఆయన గీత పక్కనే, నేను చిన్నగా టిక్కు పెట్టుకున్నాను.

ఇంతకీ, మీది తెచ్చుకున్నారా?